కంప కొట్టడానికి మచ్చుకత్తి: కమాను బద్దతో చేయించుకోవాలా, బజారుది చాలా?

మెట్టచేను:
రెండెకరాల మెట్ట. గట్ల వెంబడి సర్కారు కంప, మధ్యలో రేగు, పరికి, ఒక మూల తలంబ్రాల కంప. మొదళ్ళు బొటనవేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్నాయి. జేసీబీ దింపితే గట్లు పోతాయి కాబట్టి చేత్తోనే కొట్టించాలి. బజార్లో రంగు పూసి ప్లాస్టిక్ పిడితో అమ్మే మచ్చుకత్తి ఒకటి, లారీ కమాను బద్దతో కొలిమిలో చేసింది ఒకటి దొరుకుతున్నాయి. రెండోది వాడే వాళ్ళెవరినడిగినా దాన్ని అమ్మడానికి గానీ, ఎరువివ్వడానికి గానీ ఒప్పుకోరు. దాంట్లో అంత ఏముంది? చేయించేటప్పుడు కొలతలేం చెప్పాలి, బరువెంత ఉండాలి, పిడికి ఏ కర్ర వేయించాలి? వాడేవాళ్ళు వివరంగా చెప్పండి.

కొలిమిగట్టు:
కమాను బద్ద మంచిదనేది సగం మాటేనండీ. అది స్ప్రింగు ఉక్కు, అందులో కర్బనం అర శాతానికి కొంచెం పైన ఉంటుంది. దెబ్బకు విరగదు, వంగితే వెనక్కొస్తుంది. కానీ కొలిమిలో ఎర్రగా కాచి సాగగొట్టాక, లారీ కింద ఉన్నప్పటి గుణం దానికి మిగలదు. మళ్ళీ పదును పెట్టినాయన (సాన పట్టడం కాదు, కాచి ముంచి ఉక్కును గట్టిపరచడం) చేతిలోనే అంతా ఉంది. అదే బద్దతో అదే కొలిమిలో చేసిన రెండు కత్తుల్లో ఒకటి ఇరవై ఏళ్ళు వచ్చి, ఇంకోటి మొదటి వానాకాలానికే నొక్కులు పడడం అందుకే.

ముందు బద్ద ఎంపిక. లారీ బద్ద మందం ఎక్కువ, సాగగొట్టడానికి సమ్మెట పోటు చాలా పడుతుంది. ఎన్నిసార్లు కాస్తే ఉక్కు అంత పాడవుతుంది. జీపుదో ట్రాలీ ఆటోదో 6 నుంచి 8 మిల్లీమీటర్ల బద్ద దొరికితే పని తేలిక. నడిమి బోల్టు బెజ్జం ఉన్న ముక్క, కొస చుట్ట ఉన్న ముక్క వద్దనండి. పాత బద్దల్లో సన్న పగుళ్ళు అక్కడే ఉంటాయి, కంటికి కనపడవు. ముక్కను తోమి, కిరసనాయిల్లో కాసేపు ఉంచి, గుడ్డతో పొడిగా తుడిచి, మీద సుద్దపొడి రాయండి. పగులుంటే లోపలి కిరసనాయిలు ఊరి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత లేస్తుంది. గీత కనిపిస్తే ఆ ముక్క పక్కన పడేయడమే.

కొలతలు: వాదర 10, 11 అంగుళాలు, వెడల్పు రెండు అంగుళాల పైచిలుకు. వెనక మందం పిడి దగ్గర 6 మిల్లీమీటర్లు, ముక్కు దగ్గరికి వచ్చేసరికి 4. కొసన ముక్కు అంగుళం నుంచి అంగుళంన్నర ముందుకు వంగాలి. పిడితో కలిపి 700, 800 గ్రాములు తూగితే కంపకు సరిపోతుంది. కిలో దాటితే అది మాంసం కొట్టే కత్తి కిందే లెక్క, గంటకే మోచెయ్యి లాగేస్తుంది.

ఇక పదును పెట్టడం. దగ్గరుండి చూడాల్సింది ఇదొక్కటే. కత్తిని చెర్రీపండు రంగు వచ్చేదాకా సమంగా కాచాలి. అయస్కాంతం చూపిస్తే అంటుకోకూడదు, అదీ గుర్తు. వాదర వైపు ఒక అంగుళం మాత్రమే నూనెలో ముంచాలి, వెనకభాగం ఎర్రగానే ఉండాలి. చల్లని నీళ్ళలో ముంచితే ఈ ఉక్కు ఒక్కోసారి టక్కుమని పగులుతుంది. ఆ శబ్దం వినపడితే ఇక ఆ కత్తి చేసిన కూలి దండగ. బయటకు తీయగానే వాదరను ఇటుకముక్కతో గబగబా రుద్ది తెల్లగా చేస్తారు. వెనక ఉన్న వేడి ముందుకు పాకుతూ ఆ తెల్లటి చోట రంగులు మారుస్తుంది. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. కంప కత్తికి తేనె రంగు దాటి వంకాయ రంగు తొంగిచూస్తుండగా మొత్తం ముంచేయాలి. గడ్డి రంగు దగ్గరే ఆపితే ముక్కలు ఎగురుతుంది. నీలం దాకా పోనిస్తే వాదర మడత పడుతుంది. తేడా కొన్ని క్షణాలే. ఆ రంగుల దగ్గర కబుర్లు చెప్పే కమ్మరాయన దగ్గర మాత్రం చేయించకండి.

బజారు కత్తిని తీసిపారేయలేం. రేకు కోసి చేసినవాటిలో కూడా పదును పెట్టినవి ఉంటాయి. కొట్టుకు వెళ్ళేటప్పుడు పాత ఆకురాయి ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి, మడమ (పిడి వైపు కొస) దగ్గర వాదర మీద ఒక్కసారి లాగండి. వెన్నలో దిగినట్టు దిగితే ఒట్టి మెత్త ఇనుము. అసలు పట్టకుండా గాజు మీద జారినట్టు జారితే మరీ గట్టి. కాస్త జారి కాస్త పడితే తీసుకోవచ్చు.

సీమకంప:
కత్తి సంగతి పై అన్న చెప్పేసినాడు, కంప సంగతి నేను చెప్తా. ఈ సర్కారు తుమ్మ, అదే సర్కారు కంప, మన దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండంది. 1870ల చివర్లో మన కడప జిల్లా కమలాపురంలో నాటినారని చెప్తారు. ఇప్పుడు అది లేని గట్టు యాడుంది?

మచ్చుకత్తికి ఆ ముక్కు ఎందుకో చాలామందికి తెలీదు. రెండు పనులుంటాయి దానికి. మొదటిది, దెబ్బ తప్పి నేలకు తగిలినా ముందు ముక్కే తగుల్తుంది, వాదర రాయికి పోదు. రెండోది, కొట్టిన కొమ్మను చెయ్యి పెట్టకుండా ముక్కుతో తగిలిచ్చి ఈడ్చొచ్చు. ముక్కు లేని సాదా కత్తితో కంప కొట్టేవాళ్ళ చేతులు చూడండి, గీతలే గీతలు.

కొట్టే వరస ఇది. వచ్చీరాగానే కంపలోకి దూరొద్దు. ముందు బయటి రెమ్మలు ఎగేసి కొట్టి, ముక్కుతో వెనక్కి లాగి, మనిషి వంగి నిలబడేంత జాగా చేసుకోవాల. ఎడమ చేత్తో పంగలకర్ర పట్టుకుని మొదలును అవతలికి నెట్టి వంచాల. వంగిన కట్టెకు బయటి వైపు బిగుసుకుంటుంది, ఆ బిగువు మీద ఏటవాలుగా దెబ్బేస్తే బొటనవేలి లావుది ఒక్క దెబ్బకే పోతుంది. నిటారుగా ఉన్నదాన్ని అడ్డంగా కొడితే మూడు దెబ్బలు, పైగా కత్తి ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే పక్కకు మెలితిప్పొద్దు, నొక్కులు పడేది అక్కడే. పైకీ కిందకీ ఆడిచ్చి తీయాల. మణికట్టు లావు దాటినదానికి గొడ్డలి తీసుకో, మచ్చుకత్తిని కష్టపెట్టొద్దు.

కత్తి దిగే దోవలో కాలుండకూడదు. కుడిచేత్తో కొట్టేటప్పుడు ఎడమ కాలు వెనక్కి. వంగి బిగుసుకున్న కొమ్మ తెగినాక ఎటు ఎగుర్తుందో చూసుకునే దెబ్బెయ్యాల, మొహమ్మీదికి కొట్టేవి ఇవే.

అందరూ చేసే తప్పొకటుంది. ఏటవాలుగా కొట్టి మోడును జానెడు ఎత్తున వదిలేస్తారు. అది ఎండి ఈటె అవుతుంది, చెప్పును చీల్చుకుని పాదంలోకి దిగుతుంది. నాలుగు రోజులాగి రెండోసారి తిరిగి, నేల మట్టానికి మోడును అడ్డంగా నరికేయాల. ముళ్ళకు టైరు చెప్పులో, మందం అడుగు బూట్లో తప్పనిసరి, హవాయి చెప్పులు అసలు పనికిరావు. ముల్లు దిగితే మొన విరిగి లోపల ఉండిపోకుండా తీసి, ధనుర్వాతం సూది వేయించుకోండి.

ఇంకోటి. నేల మట్టానికి కొట్టినా సర్కారు కంప చావదు. మొగ్గలు నేల కింద వేరు తల దగ్గర ఉంటాయి, ఒక్క మొదలు కొడితే వానకు పది పిలకలు లేస్తాయి. చుట్టూ మట్టి తీసి నేల కింద జానెడు లోతున వేరు నరికితేనే పోతుంది. ఆ పనికి గడ్డపార, పాత గొడ్డలి. మచ్చుకత్తిని మట్టిలో పెడితే మాత్రం దాన్ని చేసినాయన కూడా క్షమించడు. కాయలు పండకముందే కొట్టండి. పండినాక మేకలు తిని, పెంటికల్లో విత్తనం ఊరంతా జల్లుతాయి.

మెట్టచేను:
చాలా థాంక్సండీ ఇద్దరికీ. ఇంట్లో పాత మచ్చుకత్తి ఒకటుంది, కొలిమిదే. పిడి ఊగుతోంది. గ్రైండరు మీద సాన పట్టిస్తే రెండు రోజులు బాగా తెగింది, తర్వాత వాదర ఒకచోట ముడుచుకుపోతోంది. అది పోయినట్టేనా?

ఆకురాయి:
పోలేదు, గ్రైండరు కాల్చింది. ముడుచుకున్న చోట నీలం మచ్చ ఏమైనా ఉందేమో చూడండి. రాయి తిరుగుతుంటే నీళ్ళు పెట్టకుండా ఒకేచోట నొక్కితే వాదర కొస క్షణంలో నీలమెక్కుతుంది. పైన రంగుల వరస చెప్పారు కదా, అదే ఇది, తప్పు చోట జరిగింది. ఆ మేరకు ఉక్కు మెత్తబడింది. మచ్చ సాధారణంగా ఒకటి, రెండు మిల్లీమీటర్ల లోతే ఉంటుంది. ఆకురాయితో ఆ మేర అరగదీసేస్తే కింద మంచి ఉక్కు వస్తుంది. వాదర మొత్తం నీలమెక్కి ఉంటే మాత్రం మళ్ళీ కొలిమికి తీసుకెళ్ళి పదును పెట్టించాల్సిందే.

ఇకమీద గ్రైండరు జోలికి పోకండి. 10 అంగుళాల చదును ఆకురాయి, ఒంటి గాట్లది తీసుకోండి. కత్తిని మొద్దుకు బిగించి, వెనక నుంచి వాదర వైపుకు ముందుకే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి, లేకపోతే ఆకురాయి పళ్ళు పోతాయి. పచ్చి కంపకు రెండు వైపుల వాలు కలిపి 25 నుంచి 30 డిగ్రీలు, ఎండు తుమ్మకు 35 దాకా. వాలు బల్లపరుపుగా వద్దు, మినపగింజ పొట్టలా కొంచెం ఉబ్బుండాలి. అప్పుడే కట్టెలో ఇరుక్కోదు. ఒక వైపు తోస్తుంటే రెండో వైపు వేలి గోటికి సన్నని పొర తగులుతుంది. ఆ పొర వాదర పొడవునా వచ్చిందంటే ఆ వైపు అయిపోయినట్టు. రెండో వైపు కూడా అలాగే చేసి, చివర్లో సానరాయిని నీళ్ళతో తడిపి రెండు వైపులా నాలుగేసి సార్లు రుద్దితే పొర రాలిపోతుంది. ముక్కు లోపలి వంపుకు చదును ఆకురాయి అందదు, అర్ధచంద్రంది కావాలి. పూట పనికి ఒకసారి సానరాయి, నాలుగు రోజులకోసారి ఆకురాయి. అంతకుమించి అవసరం పడుతోందంటే తప్పు కత్తిలో ఉన్నట్టు.

పిడి ఊగడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, పచ్చి కర్రతో వేస్తారు. ఎండాకాలంలో కర్ర కుంచించుకుపోయి బెజ్జం వదులవుతుంది. నీళ్ళలో నానబెడితే ఆ పూటకు బిగుస్తుంది, మర్నాటికి ఇంకా వదులవుతుంది, తోక (పిడిలోకి దిగే కత్తి భాగం) తుప్పు పడుతుంది కూడా. కొత్త పిడే వేయండి. నల్లతుమ్మ, చింత, చిరుమాను, ఏదైనా సరే, నీడలో ఒక ఎండాకాలం ఆరినది. ఆరు అంగుళాల పొడవు, గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా కొంచెం నొక్కినట్టుండాలి, చీకట్లో పట్టుకున్నా వాదర ఎటుందో చేతికి తెలియాలి. చివర మడమలా లావు ఉంచండి, చెమట చెయ్యి జారదు. ముందు వైపు జీఐ పైపు ముక్క కోసి పొన్ను (ఇనప కట్టు) వేస్తే కర్ర చీలదు. బెజ్జంలో లక్కపొడి పోసి, తోకను మాత్రమే కాచి దించాలి. తోక కాచేటప్పుడు కత్తికి తడిగుడ్డ చుట్టడం మరచిపోతే వాదర పదును పోతుంది. తోక పిడి అవతలికి అర అంగుళం వచ్చేంత పొడవుంటే చివర ఒక రేకు బిళ్ళ వేసి మలిచేయండి. అప్పుడు లక్క వదిలినా కత్తి ఊడి ఎగరదు.

గట్టుదాటి:
ఇక్కడ అమెరికాలో పెన్సిల్వేనియాలో 1941లో పుట్టిన వుడ్‌మన్స్ పాల్ అనే కత్తికి ఇదే రకం అభిమానులున్నారు, రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కూడా వాడింది. తేడా ఏమిటంటే మన మచ్చుకత్తి ముక్కు వాదర వైపుకే వంగుతుంది, దానికి కొక్కెం వెనక వైపు ఉంటుంది, కొక్కెం లోపలి వంపుకు కూడా పదునుంటుంది. ముందు వైపుతో కొట్టడం, వెనక కొక్కేన్ని సన్న మొదలుకు తగిలించి లాగి తెంపడం. తీగలకూ, గుబురు మొక్కలకూ అది చక్కగా ఉంటుంది. ముళ్ళ తుమ్మకు మాత్రం లాగితే కొమ్మ మన మీదికే వస్తుంది కాబట్టి మనదే మేలు.

సీమకంప:
బాగా చెప్పినావు. కన్నడం వాళ్ళు మన మచ్చుకత్తిని ఒట్టి మచ్చు అంటారు, మనమే కత్తి తగిలిచ్చినాం.

దోటికర్ర:
బరువు దగ్గర నాదొక మాట. 800 గ్రాములు రోజంతా కొట్టే కూలివాళ్ళకు సరే. వారానికి ఒక పూట కొట్టేవాళ్ళకు 600 చాలు, మందం తగ్గించమనండి, పొడవు కాదు. పొడవు తగ్గితే చెయ్యి ముళ్ళకు దగ్గరవుతుంది. పై కొమ్మలకు మచ్చుకత్తి ఎత్తి కొట్టకండి, దోటి (పొడుగు కర్ర కొసన కొడవలి కట్టింది) వాడండి.

మిషన్ బ్రష్ కట్టర్ గురించి ఎవరూ అనలేదు కాబట్టి: నైలాన్ తాడు గడ్డికే. కంపకు పళ్ళ చక్రం బ్లేడు వేయాలి, గట్టు మీద రాళ్ళుంటే దాంతో ప్రమాదం. చదును చేలో గుబురు ఎక్కువుంటే మిషన్, గట్టు మీద మచ్చుకత్తి. వయ్యారిభామకైతే రెండూ వద్దు, పూతకు ముందు చేతికి తొడుగు వేసుకుని వేర్లతో పీకడమే.

దాచే పద్ధతి కూడా రాసేస్తాను. తుమ్మ జిగురు కత్తి మీద ఎండితే చెమ్మ పట్టి కింద తుప్పు మొదలవుతుంది. పని కాగానే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చగా ఆముదం రాయండి. వాదరకు పాత సైకిల్ టైరు ముక్క నిలువునా తొడిగి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. తోలు ఒరలో ఉంచితే వానాకాలం చెమ్మ లోపలే ఉండి వాదర గుంటలు పడుతుంది. చూరులో దోపేటప్పుడు వాదర గోడ వైపుకు, పిడి బయటికి.