విల్కో: డాక్యుమెంటరీ ముందా, కచేరీ వీడియో ముందా?

పాతరీలు
అమెరికన్ రాక్ బ్యాండ్ విల్కో ఆల్బమ్ 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్' అరిగిపోయేదాకా విన్నాను, సినిమాలు మాత్రం ఇప్పటిదాకా చూడలేదు. 2002 నాటి సామ్ జోన్స్ డాక్యుమెంటరీ 'ఐయామ్ ట్రయింగ్ టు బ్రేక్ యువర్ హార్ట్' ముందు చూడాలా, 2009లో వచ్చిన కచేరీ వీడియో 'యాషెస్ ఆఫ్ అమెరికన్ ఫ్లాగ్స్' ముందా? కచేరీలో పాటల మీద మాటలు దూరుస్తారా? డాక్యుమెంటరీ డీవీడీ రెండో డిస్కులో సరుకుందా? సబ్‌టైటిల్స్ ఉన్నాయా?

జేపక్షం
డాక్యుమెంటరీయే ముందు. కానీ ఒక కన్ను తెరుచుకుని చూడండి. అప్పట్లో బ్యాండ్‌లో ఉన్న గిటారిస్టు జే బెనెట్‌ని అందులో సతాయించే మనిషిలా చూపించారు. ఆ ఆల్బమ్‌లో సగానికి పైగా పాటల్లో గాయకుడు జెఫ్ ట్వీడీతో కలిసి రాసింది ఆయనే. సినిమా చూసి బయటికొచ్చినవాళ్లకి గుర్తుండేదేమో మిక్సింగ్ గదిలో గొడవ ఒక్కటే. ఆల్బమ్‌లోని 'యాషెస్' పాట (కచేరీ వీడియోది దీని పేరే) చివర్నుంచి 'హెవీ మెటల్ డ్రమ్మర్' పాటలోకి దాటే ఆ కొద్ది సెకన్ల గురించి ఇద్దరూ కొట్టుకుంటారే, అది. ఆ తర్వాత ట్వీడీ బాత్రూంలో వాంతి చేసుకుంటాడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే తప్పెవరిదని జనం అనుకుంటారు?

నలుపుతెలుపు
16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? జోన్స్ అసలు ఫోటోగ్రాఫర్, ఇది ఆయన మొదటి సినిమా. షికాగో వీధులు, స్టూడియోలో కేబుళ్లు, సిగరెట్ పొగ... ఏ ఫ్రేమ్ ఆపినా గోడకి తగిలించుకోవచ్చు. ఆ తర్వాత కచేరీ వీడియో రంగులు చూస్తే నాకు నీరసం వచ్చింది.

మిక్సర్‌మామ
@జేపక్షం, లైవ్ సౌండ్, స్టూడియో రెండూ చేసినవాణ్ని, చెబుతున్నా వినండి. ఒక పాట తోక మీదికి ఇంకో పాట తల ఎక్కినప్పుడు, ఆ శబ్దం ఎంత ఉండాలో మిక్స్‌లోనే తేల్చాలి. మాస్టరింగ్‌లో, అంటే మిక్స్ అయ్యాక చేసే ఆఖరి మెరుగుల్లో, చూసుకుందాంలే అని వదిలేస్తే రెండూ ఒకే ఫైల్‌లో అతుక్కుపోయి ఉంటాయి, ఒకదాన్ని తగ్గిస్తే రెండోదీ తగ్గుతుంది. బెనెట్ పట్టుదల చాదస్తం కాదు, పని తెలిసినవాడి పట్టుదల. పని తెలియనివాళ్లకి అది సణుగుడులా వినిపిస్తుంది.

మరీనాసిటీ
మామగారూ, ట్వీడీకి అర్థం కాలేదని ఎవరన్నారు? అర్థమైంది, ఇక వివరించకు అంటున్నాడు. బెనెట్ ఆపడు. ఒప్పుకున్నదాన్ని మళ్లీ మొదటినుంచీ వివరించేవాడితో ఒక గదిలో నెలల తరబడి పనిచేసి చూడండి. పైగా ట్వీడీది మైగ్రేన్, ఏళ్ల నాటి జబ్బు. ఎడిటింగ్ కుట్ర కాదు.

జేపక్షం
తలనొప్పి వస్తే మనిషిని బ్యాండ్‌లోంచి పీకేస్తారా?

మరీనాసిటీ
పీకింది తలనొప్పికా? మీరు సినిమా చూశారా, పోస్టర్ చూశారా? చివరికి ఆల్బమ్ మిక్స్ చేసింది జిమ్ ఒరూర్క్. పొరలు పొరలుగా పేరుకున్న శబ్దాల్ని తీసి పక్కన పెట్టాడు కాబట్టే ఆ పాటలకి ఊపిరాడింది. మీ బెనెట్ మిక్స్ వచ్చి ఉంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

మిక్సర్‌మామ
ఒరూర్క్ తీసేయడానికైనా ముందు ఎవరో ఒకరు పెట్టి ఉండాలిగా బాబూ. శూన్యంలోంచి తీస్తాడా?

జేపక్షం
అదీ మాట! 2009 మే నెలలో బెనెట్ కోర్టుకి కూడా వెళ్లాడు, ఈ సినిమా తాలూకు డబ్బు కూడా తనకి రావాలని. అదే నెల 24న పోయాడు. చనిపోయిన మనిషి గురించి కాస్త మర్యాదగా రాయండి.

మరీనాసిటీ
మర్యాద తప్పి నేనొక్క మాటా అనలేదు. పోయినవాళ్లని అడ్డం పెట్టి వాదన గెలవడం మీకు మర్యాదేమో. ఇంకోటి, అన్యాయం గురించే మాట్లాడాలంటే డ్రమ్మర్ కెన్ కూమర్ గురించి మాట్లాడండి. కూమర్‌ని తీసి గ్లెన్ కోచ్‌ని తెచ్చుకున్న కథ సినిమాలో దాదాపు లేదు. ఆయన కోసం కన్నీళ్లు పెట్టేవాళ్లు ఒక్కరూ కనపడరు.

చిన్నలేబుల్
అసలు జనం వీళ్లని ఇండీ, అంటే పెద్ద కంపెనీల నీడ లేని బ్యాండ్, అనడమేంటి? వీళ్ల అప్పటి లేబుల్ రిప్రైజ్ అంటే వార్నర్ కంపెనీయే. వాళ్లు ఆల్బమ్ వద్దంటే బ్యాండ్ దాన్ని తీసుకుని వెళ్లిపోయి, 2001 సెప్టెంబరులో సొంత వెబ్‌సైట్‌లో వినిపించింది. అంతవరకూ సెబాష్. తర్వాత 2002 ఏప్రిల్‌లో విడుదల చేసిందెవరు? నన్‌సచ్ లేబుల్. అదీ వార్నరే! ఒకే కంపెనీ ఒకే ఆల్బమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టింది. సినిమాలో నిజమైన హాస్యం అదీ. సొంత లేబుల్ డీబీపీఎం పెట్టింది 2011లో మాత్రమే.

నలుపుతెలుపు
మళ్లీ మొదలైంది. ఇండీ ఎవరు, కాదెవరు... ఎవడికి కావాలండీ?

నెల్స్‌భక్తుడు
ఇంతమంది ఇన్ని రాశారు, కచేరీ వీడియో గురించి ఒక్కరైనా రాశారా? తీసింది బ్రెండన్ కాంటీ, క్రిస్టోఫ్ గ్రీన్. కాంటీ ఫుగాజీ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినవాడు, అందుకే కెమెరా ఎప్పుడు ఎవరి చేతుల మీద ఉండాలో ఆయనకి తెలుసు. తల్సాలో కెయిన్స్ బాల్‌రూమ్, న్యూ ఆర్లీన్స్‌లో టిపిటీనాస్, నాష్‌విల్‌లో రైమన్, వాషింగ్టన్‌లో 9:30 క్లబ్... ఒక్కో హాలుకీ ఒక్కో రకం మోత. రైమన్ 1892 నాటి కట్టడం, చెక్క బెంచీల మీద కూర్చుని వినే చోటు.

'వయా షికాగో' చూడండి. ట్వీడీ నిమ్మళంగా పాడుతుంటాడు. వెనక కోచ్ డ్రమ్స్, నెల్స్ క్లైన్ గిటార్ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. పాడేవాడు మాత్రం గొంతు పెంచడు, అటు తిరిగి చూడడు. మోత ఆగాక పాట తన లైన్లోనే ఉంటుంది. 'ఇంపాసిబుల్ జర్మనీ'లో నెల్స్ సోలో ముగిసే చోట మూడు గిటార్లు ఒకదానిలో ఒకటి పడే క్షణం కోసం నేను సోఫాలోంచి లేచి నిలబడతాను. ఇంట్లోవాళ్లు నవ్వుతారు.

మిక్సర్‌మామ
ఆ వీడియోలో బేస్ కొంచెం తగ్గించారు. బేస్ వాయించే స్టిరాట్‌కి అన్యాయం.

నెల్స్‌భక్తుడు
మీ స్పీకర్లు మార్చండి మామా.

మిక్సర్‌మామ
నా స్పీకర్ల జోలికి రావద్దు.

పాతరీలు
అందరికీ థాంక్స్. సబ్‌టైటిల్స్ సంగతి ఎవరైనా...?

చిన్నలేబుల్
రెండో డిస్కు తీసుకోండి, డాక్యుమెంటరీలో పట్టని పాటలు అందులో ఉన్నాయి. సబ్‌టైటిల్స్ నేనెప్పుడూ ఆన్ చేయలేదు.

జేపక్షం
కచేరీ వీడియోలో పాటల మధ్యలో ఖాళీ బజార్లు, మూతపడ్డ షాపులు చూపిస్తారు, మాటలు తక్కువ. డాక్యుమెంటరీలో ఆల్బమ్ పుట్టింది, కచేరీలో ఆ ఆల్బమ్ పాటల్ని వేరే మనుషులు వాయిస్తున్నారు. ముందు ఏది చూడాలో మీకే తెలియాలి.

మరీనాసిటీ
వేరే మనుషులా? స్టిరాట్ మొదటినుంచీ ఉన్నాడుగా!