ఫోస్టర్ ఇళ్లలో పెరిగి నిలదొక్కుకుంటే ఆ ఘనత ఎవరిది?

మూడో ఇల్లు:
18 ఏళ్లు నిండేలోపు నాలుగు ఫోస్టర్ ఇళ్లు (కన్నవాళ్ల దగ్గర ఉండలేని పిల్లలను కొంతకాలం పెంచే కుటుంబాలు) మారాను. దత్తత కాదు కదా, ఎప్పుడు మూట సర్దమంటారో తెలియదు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ కుదురుగా ఉన్నాను కాబట్టి అందరూ "ఎంత గుండె దిటవు!" అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. రెండో ఇంట్లో నాతో ఉన్న అమ్మాయి నిలబడలేకపోయింది. ఆమెకు దిటవు లేదనా? నాకు మూడో ఇంటి అమ్మ దొరికింది, ఆమెకు దొరకలేదు.

మొండిఘటం:
ఒప్పుకోను. నేనూ అలాగే పెరిగాను, నాకు ఏ అమ్మా దొరకలేదు. రాత్రిళ్లు పనిచేస్తూ చదువుకున్నాను. దాన్నీ అదృష్టం ఖాతాలో వేస్తే ఇక నాకు మిగిలేదేమిటి?

చదువరి:
హవాయీలోని కవాయీ ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం వారికి 40 ఏళ్లు వచ్చేదాకా గమనించింది. (ఫోస్టర్ పిల్లల మీద చేసిన అధ్యయనం కాదు, అది గుర్తుంచుకోవాలి.) పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు వంటివి చుట్టుముట్టినవారు దాదాపు మూడో వంతు. వారిలోనూ మూడో వంతు మంది నిబ్బరంగా ఎదిగారు. అమ్మమ్మో, టీచరో, పొరుగింటావిడో, పట్టించుకున్న పెద్ద ఒకరైనా వారికి ఉన్నారు. అయితే పసితనం నుంచే పెద్దలను తమవైపు తిప్పుకునే స్వభావం కూడా వారిలో కనిపించింది. అంటే మీ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

మూడో ఇల్లు:
నా బాధ అక్కడే. నవ్వే బిడ్డను ఎవరైనా ఎత్తుకుంటారు. నాలుగు ఇళ్లు మారిన బిడ్డ నవ్వదు. తిండి దిండు కింద దాచుకుంటుంది, అడిగితే అబద్ధమాడుతుంది. మూడో ఇంటి అమ్మ నన్ను తిట్టలేదు. మూత ఉన్న డబ్బా ఒకటి చేతికిచ్చి, "ఇందులో దాచుకో, చీమలు పట్టవు" అంది. నన్ను నిలబెట్టింది ఆ డబ్బా.

మొండిఘటం:
ఇది చదివాక చాలాసేపు జవాబు రాయలేకపోయాను. నేను పరుపు కింద దాచేవాణ్ణి, దొరికితే దెబ్బలే. అయినా నా మాట మార్చుకోను. డబ్బా ఇచ్చేవారు లేని పిల్లలూ బతకాలి కదా. వాళ్లకు మొండితనం తప్ప ఇంకేముంది?

చదువరి:
అదే అధ్యయనంలో ఇంకొకటి ఉంది. యుక్తవయసులో దారి తప్పినవారిలో ఎక్కువ మంది 30లు, 40లు వచ్చేసరికి గాడిన పడ్డారు. కొందరికి పెళ్లి మలుపైంది, కొందరికి ఆగిపోయిన చదువు మళ్లీ అందుకోవడం.

మొండిఘటం:
పెళ్లి మాట నిజమే. కొత్తలో నేను ఇంటికి ఆలస్యంగా వస్తే మా అత్తగారు ఫోను చేసేవారు. నిఘా పెట్టారనుకుని ఏడాది పాటు విసుక్కున్నాను. ఒకరు నా కోసం మేలుకుని ఉంటారన్నది అసలు తట్టలేదు. నేనెంత విసుక్కున్నా ఆవిడ ఫోను చేయడం మానలేదు. సరే, అక్కడ మొండితనం ఆవిడది. కానీ చివరికి ఫోను ఎత్తడం మొదలుపెట్టింది నేను. అదీ లెక్కలో వేయండి.