చెక్క పొట్టును మాడ్చి పెల్లెట్లు కొట్టడం లాభమా, నష్టమా?

కాటేదాన్ అడితి:
మా కట్టెల అడితిలో రంపపు పొట్టు బస్తాలకు బస్తాలు మిగులుతోంది. డ్రమ్ముల్లో మాడ్చి, ఆ బొగ్గుతో పెల్లెట్లు (పొడిని మిషన్లో గట్టిగా నొక్కి చేసే చిన్న గుళికలు) కొట్టి బాయిలర్లకు అమ్ముదామని మా తమ్ముడి పట్టు. పచ్చి పొట్టునే ఆరబెట్టి కొడితే చాలదా అని నా అనుమానం. మీరేమంటారు?

జీడిమెట్ల బాయిలర్:
తమ్ముడి మాటే రైట్ అన్నా. ఆరిన చెక్క కిలోకు సుమారు 4,000 కిలో కేలరీలైతే, కట్టెబొగ్గుకు 7,000 దాకా వస్తాయి. పైగా మామూలు పెల్లెట్ మీద నాలుగు చినుకులు పడితే ఉబ్బి మళ్లీ పొట్టయిపోతుంది. మొన్న వానలకు మా షెడ్డు కారి రెండు బస్తాలు అలాగే పోయాయి.

పెల్లెట్ మిషన్:
కిలో లెక్క చూసి దిగకండి. 100 కిలోల ఎండు చెక్క మాడిస్తే చేతికొచ్చే బొగ్గు 25–30 కిలోలే. 4 లక్షల కిలో కేలరీల సరుకు పోసి 2 లక్షలు తీసుకున్నట్టు. మిగతాది పొగ, గ్యాసు కింద పోతుంది. ఆ పొగకు చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఊరుకుంటారా?

అసలు చిక్కు జిగురుది. చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం డై (మిషన్లో పొట్టును నొక్కే చిల్లుల అచ్చు) లోపలి వేడికి, ఒత్తిడికి మెత్తబడి పొట్టును కరిపించి పట్టుకుంటుంది. అందుకే మంచి పెల్లెట్ నున్నగా మెరుస్తూ వస్తుంది. బొగ్గు చేశాక ఆ జిగురు మిగలదు. నేనోసారి వట్టి బొగ్గు పొడి పోసి చూశాను. వచ్చిన ముక్కను బొటనవేలితో నొక్కితే నుసి.

జీడిమెట్ల బాయిలర్:
గంజి కలిపితే నిలుస్తుంది కదా?

పెల్లెట్ మిషన్:
నిలుస్తుంది. కానీ మళ్లీ ఎండబెట్టాలి, అదో ఖర్చు. గంజితో కట్టింది నీళ్లు తగిలితే విడిపోతుంది కూడా. వానకు ఆగేది టోరిఫాక్షన్ పెల్లెట్: గాలి తగలకుండా 200–300 డిగ్రీల్లో చెక్కను దోరగా వేయించడం. బరువు 30 శాతం దాకా తగ్గినా, శక్తి 90 శాతం వరకు మిగులుతుంది. నా ఓటు దానికే, కానీ వేడి నిలకడగా ఉంచే మిషన్ కావాలి. డ్రమ్ములో అంచు మాడుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది.

ఉప్పల్ వడ్రంగి:
ఏం చేసినా ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అతికించిన పలక) పొట్టు మాత్రం కలపొద్దు. వాటిని అతికించే జిగురులో ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉంటుంది. మా షాపులో అన్నీ ఒకే బస్తాలోకి ఊడ్చేవాళ్లు, ఇప్పుడు వేరు చేయిస్తున్నా.

కాటేదాన్ అడితి:
మా దగ్గర టేకు, వేపే. తమ్ముడికి అంతా చదివి వినిపించాను. పచ్చి పొట్టుతోనే మొదలుపెడతాం. కానీ వాడు ఊరుకోవట్లేదు. బొగ్గు దుకాణాల్లో సంచుల అడుగున మిగిలే నుసిని కొని, గంజితో కబాబ్ పొయ్యిలకు ముద్దలు కడతాడట.

పెల్లెట్ మిషన్:
అది చేయనివ్వండి అన్నా. ఆ నుసి కోసం కొత్తగా చెక్క మాడ్చే పని లేదు. కాల్చి చూసేది మాత్రం ఆరుబయటే, మూసిన గదిలో బొగ్గు పొయ్యి ప్రాణాలు తీస్తుంది.