రష్యా పోలీసుల గురించి మనవాళ్లు చెప్పేదంతా నిజమేనా?

వోల్గా_డాక్టర్:
రష్యాకి ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లే పిల్లలకి ఇక్కడ మొట్టమొదట చెప్పే మాట, "పోలీసు కనిపిస్తే పక్క సందులోకి తప్పుకో" అని. నాకూ అదే నూరిపోసి పంపారు. కన్సల్టెన్సీవాళ్లు, సీనియర్లు, ఆ దేశంలో ఎన్నడూ కాలుపెట్టని బంధువులు, అందరిదీ ఒకటే పాట: లంచగొండులు, తాగుబోతులు, మన రంగు చూస్తే వదలరు. నేను రష్యాలోని కజాన్ నగరంలో చదువు పూర్తిచేసుకుని వచ్చాను. నాకు ఎదురైన పోలీసులు అలా లేరు.

ఒక చలికాలం రాత్రి బస్సులో నా బ్యాగు పోయింది. అందులో పాస్‌పోర్టు, మైగ్రేషన్ కార్డు (దేశంలోకి దిగేటప్పుడు ఇచ్చే చీటీ), ఫోను. పోలీసులిచ్చిన కాగితం లేకపోతే మాస్కోలో మన ఎంబసీ కొత్త పాస్‌పోర్టు ఇవ్వదు కాబట్టి భయపడుతూనే స్టేషన్‌కి వెళ్లాను. అద్దం కిటికీ వెనక డ్యూటీ ఆఫీసరు ఉన్నాడు. నా రష్యన్ అప్పటికి అంతంతమాత్రం. ఆయన విసుక్కోకుండా కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, ట్రాన్స్‌లేటర్‌లో ఒక్కో ప్రశ్న టైప్ చేసి చూపించాడు. ఫిర్యాదు ఎలా రాయాలో తనే ఒక తెల్లకాగితం మీద రాసి, చూసి రాసుకోమన్నాడు. రాయగానే నమోదు నంబరు వేసిన చీటీ చింపి చేతిలో పెట్టాడు. బస్సు డిపోకి తనే ఫోన్ చేశాడు. మర్నాడు బ్యాగు దొరికింది, ఫోను పోయింది గానీ పాస్‌పోర్టు ఉంది. ఒక్క రూబుల్ అడగలేదు. మన దగ్గర ఫోన్ పోయిందని వెళ్తే ఆ చీటీ కోసం ఎన్నిసార్లు తిరగాలో అందరికీ తెలుసు.

2021 సెప్టెంబరులో పెర్మ్ యూనివర్సిటీలో ఒక విద్యార్థి తుపాకీతో ఆరుగురిని చంపాడు. అతన్ని ఆపింది ట్రాఫిక్ పోలీసు విభాగంలోని ఒక జూనియర్ లెఫ్టినెంట్. కాల్చి పడగొట్టి, తర్వాత అతనికే ప్రథమ చికిత్స చేశాడు. పెర్మ్‌లో మన పిల్లలూ చదువుతున్నారు. ఇలాంటివి మనవాళ్లు ఒక్కరూ చెప్పుకోరు.

సుజాత_గుంటూరు:
చాలా ధైర్యం వచ్చిందండీ. మా అబ్బాయి సెప్టెంబరులో వెళ్తున్నాడు. రాత్రిపూట పోలీసులు ఆపితే ఏం చేయాలో కూడా రాయండి.

మాస్కో_రవి:
డాక్టర్ గారూ, మీకు మంచి జరిగింది, సంతోషం. నేను మందుల కంపెనీ ఉద్యోగం మీద మాస్కోలో ఉన్నాను. మెట్రోలో మెట్లెక్కి బయటికి వచ్చేచోట ఇద్దరు నిలబడి ఉంటారు. వందలమంది వాళ్ల ముందునుంచే వెళ్తారు. ఆపేది నన్ను, నా వెనక వచ్చే ఉజ్బెకిస్తాన్ కుర్రాణ్ణి. మా ఆఫీసులో రష్యన్ కొలీగ్‌ని అడిగాను, జీవితంలో ఎప్పుడైనా ఆపారా అని. ఎందుకు ఆపుతారు అన్నాడు.

ఒకసారి సెలవుల తర్వాత ఇండియా నుంచి దిగిన మర్నాడే ఆపారు. కొత్త రిజిస్ట్రేషన్ (ఏ చిరునామాలో ఉంటున్నామో ప్రభుత్వం దగ్గర నమోదు చేయించడం) ఇంకా కాలేదు. చట్టం ప్రకారం 7 పనిదినాల గడువు ఉంది, పాస్‌పోర్టులో ఎయిర్‌పోర్టు ముద్ర కూడా చూపించాను. వినలేదు. పక్కనున్న చిన్న గదిలోకి తీసుకెళ్లి పాస్‌పోర్టు డ్రాయర్‌లో పడేసి, సాయంత్రం దాకా కూర్చుంటావా, ఇక్కడే తేల్చుకుంటావా అన్నారు. 2,000 రూబుళ్లు ఇచ్చి బయటపడ్డాను.

వోల్గా_డాక్టర్:
రవి గారూ, రసీదు అడిగారా?

మాస్కో_రవి:
లంచానికి రసీదా?

వోల్గా_డాక్టర్:
అది లంచమో ఫైనో తేలాలంటే అడగాలి కదా. రష్యాలో పోలీసు చేతికి నగదు ఇవ్వడం అనేదే ఉండదు. తప్పు ఉంటే ప్రొటోకాల్ (తప్పు వివరాలు నమోదుచేసే కాగితం) రాస్తారు, ఫైను బ్యాంకులోనో ఆన్‌లైన్‌లోనో కడతాం. ఇది మా హాస్టల్‌లో మొదటి సంవత్సరం పిల్లలకి కూడా తెలుసు. పోలీసు ఆపినప్పుడు తన పేరు, హోదా చెప్పాలి, అడిగితే ఐడీ చూపించాలి. చట్టంలో 5వ ఆర్టికల్. ఛాతీ మీద బ్యాడ్జీ నంబరు ఉంటుంది. నోట్ చేసుకున్నారా?

విజయనగరం_వాసు:
ఏ దేశంలోనైనా ఖాకీ ఖాకీనే.

చరిత్ర_చదువరి:
ఇద్దరూ సొంత అనుభవాలు చెప్తున్నారు. తేదీలు కూడా కొన్ని చూడాలి. 2009లో మాస్కోలో ఒక పోలీసు మేజర్ సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లి జనాన్ని కాల్చాడు. దేశమంతా గగ్గోలు పుట్టింది. అధ్యక్షుడు మెద్వెదేవ్ హయాంలో కొత్త పోలీసు చట్టం తెచ్చారు. 2011 మార్చి 1 నుంచి, అప్పటిదాకా ఉన్న మిలీషియా అనే పేరు పోయి పోలీసు అయింది, సిబ్బందిని సుమారు 20 శాతం తగ్గించారు, ఉన్నవాళ్లని మళ్లీ వడపోశారు. డాక్టర్ గారు చెప్పిన పేరు, హోదా, బ్యాడ్జీ నిబంధనలు ఉన్నది ఆ చట్టంలోనే.

ఏడాది తిరగ్గానే, 2012 మార్చిలో, కజాన్‌లోనే దాల్నీ అనే స్టేషన్‌లో పట్టుకొచ్చిన మనిషిని చిత్రహింసలు పెట్టారు. ఆస్పత్రిలో చనిపోయాడు. దాంతో మిగతా బాధితులూ బయటికొచ్చారు. ఆ స్టేషన్‌నే ఎత్తేశారు, పోలీసులు జైలుకి వెళ్లారు. డాక్టర్ గారు చదివిన ఊరే అది.

వోల్గా_డాక్టర్:
దాల్నీ సంగతి కజాన్‌లో తెలియనివాళ్లు లేరు. మా పక్కింటి బామ్మ కూడా చెప్పేది. కానీ జైలుకి వెళ్లారని మీరే రాశారు. మన దగ్గర లాకప్ మరణాల్లో ఎంతమందికి శిక్ష పడింది? ఒక స్టేషన్‌లో జరిగిన ఘోరాన్ని పట్టుకుని, ఆ ఊళ్లో రాత్రి డ్యూటీలో కూర్చుని నాకు ఫిర్యాదు రాసిచ్చిన మనిషిని కూడా అదే గాటన కట్టడం అన్యాయం. నేను అడుగుతున్నది అంతే.

చరిత్ర_చదువరి:
శిక్షలు పడ్డ తీరు కూడా చూడండి. 2019 జూన్‌లో గొలునోవ్ అనే జర్నలిస్టుని మాస్కో పోలీసులు మాదకద్రవ్యాల కేసులో ఇరికించారు. మూడు పెద్ద పత్రికలు మొదటి పేజీని ఒకేలా అచ్చువేసి అతని పక్షాన నిలబడ్డాయి. రోజుల్లోనే వదిలేశారు. 2021లో ఐదుగురు పోలీసులకి 5 నుంచి 12 ఏళ్ల దాకా జైలు పడింది. అతను పేరున్న జర్నలిస్టు కాకపోయి ఉంటే ఆ పత్రికలు కదిలేవా? 2022లో యుద్ధం వద్దని వీధిలోకి వచ్చినవాళ్లని వేలల్లో తీసుకెళ్లారు. ఏమీ రాయని తెల్లకాగితం పట్టుకుని నిలబడినవాళ్లని కూడా.

వోల్గా_డాక్టర్:
రాజకీయాలు వేరు. నేను మాట్లాడేది వీధిలో పోలీసు గురించి. రవి గారు బ్యాడ్జీ నంబరు గురించి ఇంకా చెప్పలేదు.

మాస్కో_రవి:
చెప్తాను వినండి. చూడలేదు. ఎందుకంటే నా కళ్లు నా పాస్‌పోర్టు పడేసిన డ్రాయర్ మీదే ఉన్నాయి. మీరు ఎప్పుడైనా తలుపు మూసిన గదిలో కూర్చుని 5వ ఆర్టికల్ చదివి వినిపించారా? అడిగినదే అడుగుతున్నారు, రసీదు ఏది, నంబరు ఏది అని. ఆ గదిలో వాళ్లూ ఇలాగే అడిగారు, కాగితం ఏది, కాగితం ఏది అని. ఉన్న కాగితం చూపిస్తే చూడలేదు.

వోల్గా_డాక్టర్:
నన్ను వాళ్లతో పోల్చకండి. మర్యాదగా మాట్లాడుతున్నాను.

మాస్కో_రవి:
మీరు మర్యాదగానే నా మీద తప్పు తోస్తున్నారు.

అడ్మిన్:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు. మళ్లీ జరిగితే చర్చ మూసేస్తాం.

నల్లగొండ_నవీన్:
అన్నా, నేను ఇప్పుడు ఇక్కడే చదువుతున్న, నాలుగో సంవత్సరం. ఇద్దరు చెప్పిందీ నేను చూసిన.

మా హాస్టల్ దగ్గర కూరగాయల షాపులో తజికిస్తాన్ నుంచి వచ్చిన తజిక్ అబ్బాయి ఒకడు పనిచేసేటోడు, నా వయసే. 2024 మార్చిలో మాస్కో దగ్గర క్రోకస్ అనే కచేరీ హాల్‌లో ఉగ్రవాద దాడి జరిగి 140 మందికి పైగా చనిపోయిన్రు. కాల్పులు జరిపిన్రని పట్టుబడ్డ నలుగురు తజిక్‌లు. ఆ తర్వాత వారంలనే అనుకుంటా, మేమిద్దరం సరుకులు పట్టుకుని నడుస్తుంటే జీపు ఆగింది. నా స్టూడెంట్ కార్డు చూసి "ఇందియా?" అని నవ్విండు, ఏ సంవత్సరం, ఏ స్పెషాలిటీ చేస్తవు అని అడిగిండు, వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులని కూడా చెప్పిండు. మంచిగనే మాట్లాడిండు, అబద్ధం చెప్పను. అదే మనిషి అటు తిరిగి మావాణ్ణి గోడకి నిలబెట్టిండు. జేబులన్నీ తీయించి, ఫోన్ లాక్ తీయమని మెసేజ్‌లు చదివిండు. వాని కాగితాలన్నీ సక్కగున్నయి, నాకంటే మంచి రష్యన్ మాట్లాడుతడు. జీపులో ఎక్కించుకుని పోయిన్రు. నన్ను పో అన్నరు. తెల్లారి వచ్చిండు. ఏం జరిగిందో చెప్పలే, పని మానేసి దేశం పోయిండు.

ఆ పోలీసు మంచోడా చెడ్డోడా అని ఎవరన్న అడిగితే నేను ఏం చెప్పాలె?

విజయనగరం_వాసు:
నవీన్, ఆ అబ్బాయి క్షేమంగా ఉన్నాడా?

నల్లగొండ_నవీన్:
మెసేజ్ పెడితే బాగున్న అన్నడు. అంతకుమించి మాట్లాడడు.

మాస్కో_రవి:
నేను చెప్పలేకపోయింది నవీన్ చెప్పాడు. డాక్టర్ గారికి కనబడిన పోలీసు, నాకు కనబడిన పోలీసు వేరు వేరు మనుషులు కానక్కర్లేదు. కజాన్‌లో మీ వెనక యూనివర్సిటీ ఉంది, ఫీజు డాలర్లలో కడుతున్న విదేశీ విద్యార్థి మీరు. మెట్రోలో నన్ను దూరం నుంచి చూసినవాడికి నేను మధ్య ఆసియా కూలీని. 2006లోనే మాస్కో మెట్రో స్టేషన్లలో నిలబడి లెక్కతీశారు, స్లావ్‌లలా (రష్యన్ల జాతివాళ్లలా) కనిపించనివాళ్లని ఆపే అవకాశం 20 రెట్లకు పైగా ఎక్కువ అని తేలింది. నేను అడిగేది ఒక్కటే. మీకు దొరికిన మర్యాదని రష్యా పోలీసుల మర్యాదగా రాయకండి.

వోల్గా_డాక్టర్:
సరే, నేనూ మనసులో మాట చెప్తాను. తిరిగి వచ్చి లైసెన్సు పరీక్ష పాసై ఆస్పత్రిలో చేరితే మొదటిరోజు అడిగిన ప్రశ్న, "రష్యాలో చదివావా, డిగ్రీ కొన్నావా?" అని. పెళ్లి సంబంధాల దగ్గర అదే, బ్యాంకు లోన్ దగ్గర అదే. ఆ దేశంలో అన్నీ దొంగవే, పోలీసులు దొంగలు, ప్రొఫెసర్లు దొంగలు, కాబట్టి నువ్వూ దొంగవే. అక్కడ అనాటమీ పరీక్ష నోటితో చెప్పడానికి రాత్రంతా ఎముకలు చేత్తో పట్టుకుని చదివినవాణ్ణి నేను. ఇక్కడెవరైనా "అక్కడి పోలీసులు..." అని మొదలుపెడితే తర్వాతి వాక్యం నా గురించే అని నాకు తెలుసు. అందుకే ఊరుకోలేను. రవి గారు డబ్బు ఇచ్చారా లేదా అన్నది నా బాధ కాదు.

మాస్కో_రవి:
ఇది మొదటే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మీ డిగ్రీని అవమానించినవాళ్లతో నేనూ పోట్లాడతాను. కానీ దానికి సాక్ష్యంగా పోలీసుల్ని నిలబెట్టకండి.

సుజాత_గుంటూరు:
బాబూ నవీన్, మావాడి సంగతి చెప్పు నాన్నా. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నల్లగొండ_నవీన్:
ఆంటీ, భయపడకున్రి. దిగంగనే పాస్‌పోర్టు, వీసా, మైగ్రేషన్ కార్డు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఇయ్యమనున్రి, రిజిస్ట్రేషన్ వాళ్లే చేయిస్తరు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గర ఉన్నన్ని రోజులు ఒక సర్టిఫికెట్ ఇస్తరు, అది జేబులో ఉండాలె. సెలవులకి ఇంటికొచ్చి పోయిన ప్రతిసారి మళ్లా రిజిస్ట్రేషన్ చేయించాలె, ఇదే చాలామంది మర్చిపోతరు. ఎమర్జెన్సీకి 112. పోలీసు ఆపితే పరుగెత్తొద్దు, ఎదురు మాట్లాడొద్దు, డీన్ ఆఫీసు నంబరుకి ఫోన్ చేస్త అని నెమ్మదిగ చెప్పాలె. చాలాసార్లు ఆ మాటకే వదిలేస్తరు.

మాస్కో_రవి:
ఆంటీ, ఈ సలహా బాగుంది, ప్రింట్ తీసి ఇవ్వండి. కానీ ఆ షాపు అబ్బాయికి ఫోన్ చేయడానికి ఏ డీన్ ఆఫీసూ లేదు. డాక్టర్ గారూ, శీర్షికలో "విద్యార్థుల అనుభవంలో" అని చేర్చండి.

వోల్గా_డాక్టర్:
శీర్షిక మార్చను. నేను అడిగింది ప్రశ్న, అది ఇప్పటికీ ప్రశ్నే. నవీన్ రాసినదాన్ని మాత్రం మొదటి పోస్టు కింద పెడుతున్నాను, అందరూ చదవాలి.

మాస్కో_రవి:
పెట్టండి. అది చాలదనే అంటాను.