ఒకే సదస్సులో 20 నిమిషాల రీసెర్చ్ టాక్, 40 నిమిషాల టీచింగ్ సెషన్: ఎలా సిద్ధం కావాలి?

తరమణి_స్కాలర్:

అందరికీ నమస్కారం. వచ్చే నెల చెన్నైలో ఒక కాలేజీలో రెండు రోజుల ప్రాంతీయ గణిత సదస్సు ఉంది. మొదటి రోజు సాయంత్రం నాకు 20 నిమిషాల రీసెర్చ్ టాక్ ఇచ్చారు. రెండో రోజు పొద్దున డిగ్రీ లెక్చరర్ల కోసం 40 నిమిషాల టీచింగ్ సెషన్ కూడా నాదే. రీసెర్చ్ విషయం 5-రెగ్యులర్ పార్టిషన్లు. పార్టిషన్ అంటే ఒక సంఖ్యని ధన పూర్ణ సంఖ్యల మొత్తంగా రాయడం, ఆ సంఖ్యలే దాని భాగాలు. భాగాల్లో 5 గుణిజం ఒక్కటీ రానివి 5-రెగ్యులర్. టీచింగ్‌కి యూనిఫామ్ కంటిన్యుటీ అనుకున్నాను, అంటే ఎప్సిలాన్ అనే హద్దు ఇస్తే దానికి సరిపోయే డెల్టా అనే దూరం అన్ని బిందువుల దగ్గరా ఒకటే దొరకడం.

నంబర్ థియరీ వాళ్లు ఐదారుగురు ఉంటారేమో. మిగతా అంతా ఎమ్మెస్సీ పిల్లలు, లెక్చరర్లు. చాలామంది నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వస్తున్నారు. నా దగ్గర ఇప్పటికి 34 స్లైడ్లు తయారయ్యాయి: జనరేటింగ్ ఫంక్షన్లు (పార్టిషన్ల సంఖ్యల్ని క్యూ ఘాతాలకి గుణకాలుగా పెట్టిన శ్రేణులు), మాడ్యులర్ ఫారమ్‌ల పరిచయం, తర్వాత నా మూడు సిద్ధాంతాలు. స్లైడ్లు మేలా, బోర్డు మేలా? నిరూపణ ఎంతవరకు చెప్పాలి? రెండు రోజులకీ ఒకే తరహా తయారీ సరిపోతుందా?

పాత_నల్లబల్ల:

ముందు 34 సంగతి తేల్చుకుందాం. 20 నిమిషాలన్నారంటే చివరి నాలుగు నిమిషాలు ప్రశ్నలకి పోతాయి, ముందు టాక్ ఎంతో కొంత సాగుతుంది, ల్యాప్‌టాప్ తగిలించడానికి ఒక నిమిషం. మీ చేతికొచ్చేది 15. నిమిషంన్నరకి ఒక స్లైడ్ చొప్పున పది పెట్టుకోండి. మాడ్యులర్ ఫారమ్‌ల పరిచయం పూర్తిగా తీసేయండి. తెలిసినవాళ్లకి అది అక్కర్లేదు, తెలియనివాళ్లకి మూడు నిమిషాల్లో ఎక్కదు. మూడు సిద్ధాంతాల్లో ఒకటే ఉంచి, మిగతా రెంటికీ చివర్లో చెరో వాక్యం ఇవ్వండి.

మొదటి స్లైడ్ మీద రామానుజన్ ఫొటో వద్దు. చెన్నైలో పార్టిషన్ల మీద టాక్ అంటే అందరూ దాని కోసమే ఎదురుచూస్తారు, అక్కడే రెండు నిమిషాలు కరిగిపోతాయి. ఆయన ఏ పట్టిక చూసి కాంగ్రుయెన్స్‌లు (ఏ చోట్ల పార్టిషన్ల సంఖ్య 5 లాంటి వాటితో శేషం లేకుండా పోతుందో చెప్పేవి) పట్టుకున్నాడో ఆ పట్టికే చూపించండి. మెక్‌మాన్ చేత్తో లెక్కగట్టిన ఆ పట్టిక 200 దాకా వెళ్తుంది. హార్డీ, రామానుజన్‌ల 1918 పేపర్‌లో అచ్చయింది. మీకు అందులో మొదటి ఇరవై సంఖ్యలు చాలు, అంటే 0 నుంచి 19 దాకా ఒక్కోదానికి ఎన్ని పార్టిషన్లున్నాయో. వరసకి ఐదు చొప్పున, సున్నా నుంచి మొదలుపెట్టి బోర్డు మీద మీరే రాయండి:

1, 1, 2, 3, 5
7, 11, 15, 22, 30
42, 56, 77, 101, 135
176, 231, 297, 385, 490

నోరు విప్పకుండా చివరి నిలువు వరస చుట్టూ గీత గీయండి. 5, 30, 135, 490. 5ఎన్+4 (4, 9, 14, 19 చోట్లు) అనే మాట మీరు అనకముందే గదిలో సగం మందికి విషయం అందుతుంది. 385 కూడా 5తో పోతుంది కదా, పైన 15 ఉంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అనాలి కూడా. చివరి వరస ఎప్పుడూ పోతుందన్నదే సిద్ధాంతం, మిగతా వరసల్లో అప్పుడప్పుడు పోతే దానికి అభ్యంతరం లేదు. ఇంతా కలిపి రెండు నిమిషాలు.

తర్వాత ఎందుకు 5 అనే ప్రశ్న వస్తుంది. అక్కడ డైసన్ 1944లో చెప్పిన రాంక్ పెట్టండి: పార్టిషన్‌లో అతి పెద్ద భాగంలోంచి భాగాల సంఖ్య తీసేయడమే. 4కి ఉన్న ఐదు పార్టిషన్లనీ వినేవాళ్ల చేతే చేయించండి. 4కి రాంక్ 3. 3+1కి 1. 2+2కి 0. 2+1+1కి మైనస్ 1. 1+1+1+1కి మైనస్ 3. 5తో భాగిస్తే శేషాలు 3, 1, 0, 4, 2. ఐదు పార్టిషన్లు ఐదు వేరు వేరు గదుల్లో కూర్చున్నాయి. ఇది అన్ని 5ఎన్+4 లకీ జరుగుతుందని ఎట్కిన్, స్విన్నర్టన్-డయర్ 1954లో నిరూపించారు. ఆ నిరూపణ మీరు చెప్పక్కర్లేదు, జరిగిందని చెప్తే చాలు.

11తో పోయే రామానుజన్ కాంగ్రుయెన్స్ దగ్గర ఇదే రాంక్ బోల్తా పడుతుంది. 6కి 11 పార్టిషన్లున్నాయి, కానీ 3+3కీ రాంక్ 1, 4+1+1కీ రాంక్ 1. రెండూ ఒకే గదిలో దూరాయి. ఆ లోటు తీర్చే క్రాంక్ అనే కొలత ఒకటి ఉండాలని డైసన్ అప్పుడే ఊహించాడు. ఆండ్రూస్, గార్వన్ 1988లో దాన్ని పట్టుకున్నారు. పని చేసిన ఉదాహరణ పక్కన పని చేయనిది పెట్టినప్పుడే సిద్ధాంతం బరువు తెలుస్తుంది. ఏడెనిమిది నిమిషాల్లో ఇదంతా అయిపోతుంది, మిగిలిన సమయమంతా మీ సిద్ధాంతానిదే.

నిరూపణలో ఒకే ఒక్క మెట్టు చూపించండి, మీ సొంత ఆలోచన ఉన్న మెట్టు. దానికి ముందూ వెనకా ఉన్న గుణకారాలు పేపర్‌లో ఉంటాయి. నిర్వచనం పెట్టిన ప్రతిచోటా వెంటనే ఒక సంఖ్య వెయ్యండి: 5కి ఏడు పార్టిషన్లు, వాటిలో 5 అనే ఒంటరి భాగం పోతుంది, 5-రెగ్యులర్‌వి ఆరు. ఈ ఒక్క ముక్క లేకపోతే రెగ్యులర్ అనే మాటకి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుని, మిగతా టాక్ అంతా దాంతోనే వింటారు.

వెనక_బెంచి:

పైన చెప్పినవాటికి గది సంగతులు కలుపుతున్నాను, ఎక్కువ టాక్‌లు దెబ్బతినేది అక్కడే కాబట్టి.

పట్టికా రాంకూ బోర్డు మీద, సిద్ధాంతం వాక్యం స్లైడ్ మీద. ఈ కలయిక బాగుంటుంది, కానీ చాలా సెమినార్ హాళ్లలో తెర దించితే బోర్డు మూతపడుతుంది. ముందురోజే వెళ్లి చూసుకోండి. బోర్డు పూర్తిగా మూసుకుపోతే పట్టికని తెల్ల కాగితం మీద పెద్దగా రాసి పక్క గోడకి అంటించండి.

నేల చదునుగా ఉన్న గదిలో బోర్డు కింది మూడో వంతు వెనక వరసలకి కనిపించదు, ముందువాళ్ల తలలే కనిపిస్తాయి. అక్కడ ఏమీ రాయకండి. చివరి వరస ముప్పై అడుగుల దూరంలో ఉంటే అక్షరం రెండంగుళాలకి తగ్గకూడదు. తడి గుడ్డతో తుడిస్తే బోర్డు ఆరేదాకా చాక్‌పీస్ పడదు, చెన్నై ఉక్కలో ఆరడానికి ఇంకా ఆలస్యం. పొడి డస్టర్ ఒకటి సంచిలో వేసుకోండి.

బీమర్ (లేటెక్‌లో స్లైడ్లు చేసే ప్యాకేజీ) వాడుతుంటే మామూలుగా స్లైడ్ 4:3 కొలతలో వస్తుంది. కొత్త తెరలకి 16:9 కావాలంటే ఆప్షన్ ఇవ్వాలి. ఏ తెర ఉందో కనుక్కుని ఒక్కటే చేయండి. పేజీ పేజీకీ పాజ్ పెట్టుకుంటూ పోతే పది స్లైడ్లు యాభై పేజీలవుతాయి. ప్రశ్నల వేళ నాలుగో స్లైడ్‌కి వెనక్కి వెళ్లాలంటే ముప్పై సార్లు నొక్కాలి. హ్యాండ్‌అవుట్ ఆప్షన్‌తో పాజ్‌లు లేని రెండో పీడీఎఫ్ తీసి పక్కన ఉంచుకోండి. తెల్ల నేపథ్యం మీద పసుపు, లేత ఆకుపచ్చ ప్రొజెక్టర్ వెలుతురులో మాయమైపోతాయి. తెర బదులు పెద్ద టీవీ ప్యానెల్ ఉంటే లేజర్ చుక్క సరిగ్గా కనపడదు, మౌస్ బాణంతో చూపించండి. హెచ్‌డీఎంఐ లేని పాత ప్రొజెక్టర్లు కాలేజీల్లో ఇంకా ఉన్నాయి, వీజీఏ కన్వర్టర్ వెంట ఉండాలి.

ఇంకొకటి. సాయంత్రం సెషన్ అన్నారు. నెల్లూరు, తిరుపతి రైళ్లు అందుకోవాల్సినవాళ్లు నాలుగు దాటితే గడియారం చూడటం మొదలుపెడతారు. ముఖ్యమైన వాక్యం పన్నెండో నిమిషం దాకా దాచకండి. ఐదో నిమిషానికల్లా తెర మీద ఉండాలి.

డిగ్రీ_లెక్కలు:

టీచింగ్ సెషన్ గురించి నేను చెప్తాను. రీసెర్చ్ టాక్ తరహా అక్కడ పనికిరాదు. లెక్చరర్లకి యూనిఫామ్ కంటిన్యుటీ నిర్వచనం తెలుసు, ఏళ్ల తరబడి చెప్తున్నదే. వాళ్లకి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, తరగతిలో ఏది ఎక్కడ జారిపోతోందో చూపించేవాళ్లు కావాలి. పిల్లలకి బేసిక్స్ లేవు అనే మాటతో మొదలుపెడితే మాత్రం గది మొత్తం తల ఊపుతుంది, నలభై నిమిషాలూ ఆ మాట మీదే గడిచిపోతాయి.

ఒక జవాబుతో మొదలుపెట్టండి. ప్రశ్న: ఎక్స్ స్క్వేర్ ఫంక్షన్ వాస్తవ సంఖ్యలన్నిటి మీద యూనిఫామ్‌లీ కంటిన్యువస్ కాదని చూపండి. పిల్లలు రాసే జవాబుల్లో బాగా కనిపించే రకం ఇది: 'ఏ' అనే బిందువు దగ్గర డెల్టాగా 1, ఎప్సిలాన్ / (2|ఏ|+1) ఈ రెంటిలో చిన్నది తీసుకుంటే సరిపోతుంది. ఈ డెల్టా 'ఏ' మీద ఆధారపడింది. కాబట్టి యూనిఫామ్ కాదు.

దీన్ని కాగితం మీద అచ్చు వేసి పంచి, ఐదుకి మార్కులు వెయ్యమనండి. పక్కవాళ్లతో మాట్లాడకుండా మూడు నిమిషాలు. తర్వాత చేతులెత్తించి, ఎవరెంత వేశారో బోర్డు మీద లెక్క రాయండి. ఐదుకి నాలుగు వేసినవాళ్లూ ఒకటి వేసినవాళ్లూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు. అసలు సెషన్ అక్కణ్నించి మొదలవుతుంది.

అప్పుడు ఈ ఉదాహరణ వెయ్యండి: ఎఫ్(ఎక్స్) = ఎక్స్. దీనికి డెల్టా = ఎప్సిలాన్ / (1+|ఏ|) తీసుకున్నా పని జరుగుతుంది, అది ఎప్సిలాన్ కంటే పెద్దది కాదు కాబట్టి. ఇదీ 'ఏ' మీద ఆధారపడిందే. ఆ పిల్లవాడి తర్కం ప్రకారం సరళరేఖ కూడా యూనిఫామ్‌లీ కంటిన్యువస్ కాకుండా పోతుంది! తప్పు ఎక్కడుందో ఇప్పుడు కళ్లకు కడుతుంది. మనం ఎంచుకున్న ఒక డెల్టా 'ఏ'తో మారినంత మాత్రాన ఏమీ తేలదు. ఏ ఒక్క డెల్టా కూడా అన్ని చోట్లా సరిపోదని చూపాలి.

లోపం పిల్లవాడిదే అనుకోవద్దు. డెల్టా కేవలం ఎప్సిలాన్ మీద ఆధారపడితే యూనిఫామ్, పాయింట్ మీద కూడా ఆధారపడితే మామూలు కంటిన్యుటీ అని మనం బోర్డు మీద చెప్పే వాక్యంలోనే ఈ తప్పుకి విత్తనం ఉంది. లెక్చరర్లు ఈ మాట వాళ్లంతట వాళ్లు అనేదాకా ఆగండి, మీరు ముందే అనేస్తే గద్దించినట్టుంటుంది.

నిజం జవాబు పత్రాలు వాడేటట్టయితే హాల్ టికెట్ నంబరు, చేతిరాత రెండూ కనపడకూడదు. మళ్లీ టైపు చేయించండి.

పాత_నల్లబల్ల:

బాగా చెప్పారు. సరైన నిరూపణ కూడా అదే కాగితం వెనక వైపు ఉండాలి, లేకపోతే టీ విరామంలో అందరూ అదే అడుగుతారు. ఎప్సిలాన్ 1 అనుకోండి. ఎవరు ఏ డెల్టా ఇచ్చినా ఎక్స్ = 1/డెల్టా, వై = ఎక్స్ + డెల్టా/2 తీసుకోండి. రెంటి మధ్య దూరం డెల్టాకి లోపే. వర్గాల తేడా మాత్రం 1 + డెల్టా స్క్వేర్/4, అంటే ఎప్పుడూ 1 దాటుతుంది. సంఖ్యలతో చేయించండి: డెల్టా 0.1 అయితే 10, 10.05 తీసుకుంటాం, వర్గాల తేడా 1.0025. డెల్టా 0.01 అయితే 100, 100.005, తేడా 1.000025. ముందు వరసలో ఒకరిని డెల్టా ఇవ్వమని, పక్కవారిని ఆ రెండు బిందువులూ చెప్పమనండి. మూడు సార్లు ఆడితే క్వాంటిఫయర్ల వరస (ముందు డెల్టా, ఆ తర్వాతే బిందువులు) ఎవరూ మర్చిపోరు.

తరమణి_స్కాలర్:

చాలా సాయం చేశారండీ. 34 స్లైడ్లు 9కి దిగాయి. రెండు సందేహాలు. ప్రశ్నలు తెలుగులోనో తమిళంలోనో అడిగితే ఏ భాషలో జవాబు చెప్పాలి? రెండోది, రామానుజన్ పట్టిక పక్కనే నా 5-రెగ్యులర్ పట్టిక కూడా అలాగే ఐదు నిలువు వరసల్లో పెట్టాలనుకుంటున్నాను. బాగుంటుందా?

వెనక_బెంచి:

ప్రశ్నని ముందు ఇంగ్లీషులో గదికంతా వినపడేలా ఒకసారి చెప్పి, జవాబు కూడా ఇంగ్లీషులో ఇవ్వండి. తెలుగులో అడిగినవాళ్లకి ఆ వెంటనే ఒక వాక్యం తెలుగులో కలపండి. మొత్తం తెలుగులో చెప్తే మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు. దీనివల్ల ఉపయోగం ఏమిటి అని అడిగితే లేని ఉపయోగం కల్పించకండి. ఈ ఫలితం పార్టిషన్ల సిద్ధాంతం లోపల ఏ ప్రశ్నకి జవాబో అది చెప్పండి.

పాత_నల్లబల్ల:

రెండో సందేహం దగ్గర జాగ్రత్త. మీ పట్టిక వేసి చూశాను:

1, 1, 2, 3, 5
6, 10, 13, 19, 25
34, 44, 60, 76, 100

చివరి వరస 5, 25, 100. చూడ్డానికి బాగుంది, కానీ నంబర్ థియరీ వాళ్లు రెండో నిమిషంలోనే చెయ్యి ఎత్తుతారు. 5-రెగ్యులర్ జనరేటింగ్ ఫంక్షన్ అంటే మామూలు పార్టిషన్ల ఫంక్షన్‌ని క్యూ పవర్ 5లో ఉన్న శ్రేణితో గుణించడమే. ఆ గుణకారం నిలువు వరసల్ని కలపదు, చివరి వరస చివరి వరసలోనే ఉంటుంది. కాబట్టి మీ 5ఎన్+4 కాంగ్రుయెన్స్ రామానుజన్ దాంట్లోంచి ఒక్క గీతలో వచ్చేస్తుంది. మీ సిద్ధాంతం అదే అని గది అనుకుందంటే ఆ తర్వాత ఎంత చెప్పినా ఎక్కదు.

తరమణి_స్కాలర్:

సరిగ్గా పట్టుకున్నారు. నా సిద్ధాంతంలో మాడ్యులస్, అంటే భాగించే సంఖ్య, 5 కాదండీ, 2. ఏ చోట్ల ఈ సంఖ్య సరి సంఖ్య అవుతుందనేది విషయం.

పాత_నల్లబల్ల:

అయితే ఐదు నిలువు వరసలు వద్దు, అది తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఒక్క గీత వాదన మీరే ముందు చెప్పి, మాడ్యులో 5 సంగతి ఇంతటితో అయిపోయింది, 2 దగ్గర ఏ తేలికదారీ లేదు అని మలుపు తిప్పండి. 20ఎన్+5, 20ఎన్+13 చోట్ల ఎప్పుడూ సరి సంఖ్యే అని ఇదివరకే నిరూపణ అయింది, మీది దానికి ఎక్కడ భిన్నమో తర్వాతి వాక్యంలోనే రావాలి. 5 దగ్గర 6, 13 దగ్గర 76, 25 దగ్గర 1156, 33 దగ్గర 5192. ఈ నాలుగూ బోర్డు కుడి మూలన రాసి చివరిదాకా చెరపకండి, ప్రశ్నలన్నీ వాటి మీదికే వస్తాయి.