మద్యం దుకాణం వద్దన్న గ్రామసభ తీర్మానానికి విలువ ఎంత? సంబరంలో గుండాట మాటేమిటి?

అడిగినవారు: నాగావళి గట్టు

మాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఉన్న ఒక పంచాయతీ. నేను డ్వాక్రా సంఘం లీడరును. ఊరి చివర తోట పక్కన ఉన్న మద్యం దుకాణాన్ని హైస్కూలు వీధిలో మూతపడిన రైసుమిల్లు గోదాములోకి మార్చబోతున్నారని తెలిసి, గ్రామసభలో ఆడవాళ్ళమంతా పట్టుబట్టి వద్దని తీర్మానం చేయించాము. కార్యదర్శి గారు మినిట్స్ పుస్తకంలో రాశారు, సర్పంచి గారు సంతకం చేశారు. అయినా గోదాముకు కొత్త షట్టరు బిగించి, కౌంటరు ముందు ఇనుప గ్రిల్లు వెల్డింగు చేయిస్తూనే ఉన్నారు. పంచాయతీ కాదంటే లైసెన్సు ఆగదా?

రెండో సంగతి. వచ్చే నెల మా అసిరితల్లి సంబరం. తొలేళ్ళ రాత్రి, అంటే సంబరం ముందు రాత్రి, తోపు దగ్గర గుండాట అనే జూదం బల్లలు వేసుకునేందుకు పంచాయతీ అనుమతి ఇచ్చిందని ప్రతి ఏడూ ఆ బల్లల వాళ్ళే చెబుతుంటారు. అలాంటి అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీకి అసలు ఉందా?

జవాబు: విశ్రాంత కార్యదర్శి, విజయనగరం జిల్లా

అమ్మా, ముప్పై ఏళ్ళు పంచాయతీల్లో పనిచేసినవాడిగా చెబుతున్నాను. మద్యం లైసెన్సు 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ ఇచ్చేదే తప్ప, పంచాయతీ గాని మునిసిపాలిటీ గాని ఇచ్చేది కాదు. కనుక మీ తీర్మానం అభ్యంతరంగా ఫైలులో చేరుతుంది గాని, దానంతట అది షట్టరు దింపలేదు. తీర్మానానికే బలం ఉన్నది గిరిజనుల షెడ్యూల్డు ప్రాంతాల్లో. ఆ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభ, పంచాయతీలకు ఉండాలని చెప్పింది. మన్యం జిల్లాలోకి వెళ్ళిన సీతంపేట వైపు గ్రామాలకు అది వర్తిస్తుంది, మైదానంలో ఉన్న మీకు వర్తించదు.

మీకు పనికొచ్చేది తీర్మానం కాదు, టేపు. విద్యాసంస్థలకు, ఆసుపత్రులకు, ప్రార్థనా స్థలాలకు వంద మీటర్ల లోపు దుకాణం ఉండకూడదు. ఈ దూరాన్ని గాలిలో గీత గీసినట్టు కొలవరు. దుకాణం వాకిలి మధ్య నుంచి, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, బడి గేటు మధ్య వరకు కొలుస్తారు. గుడి విషయంలో మాత్రం ఆశ పెట్టుకోకండి. దేవాదాయ శాఖలో నమోదైన ఆలయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. మా మండలంలో ఒక పోలమ్మ గుడికి నలభై అడుగుల దూరంలోనే దుకాణం తెరిచారు. తరతరాలుగా మొక్కులు చెల్లిస్తున్న ఆ తల్లి పేరు రిజిస్టరులో లేదు.

గుండాటకు పంచాయతీ అనుమతి అన్న మాట శుద్ధ అబద్ధం. 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం అది నేరం, నేరానికి లైసెన్సు ఉండదు. సంబరం రోజు కొట్ల దగ్గర వసూలు చేసే రుసుమును, అంటే ఆశీలును, పంచాయతీ వేలం వేస్తుంది. వేలం పాడినవాడు బల్ల వేసిన ప్రతివాడి దగ్గరా డబ్బు వసూలు చేసి చీటీ చింపి ఇస్తాడు. ఆ చీటీనే అనుమతి పత్రంలా చూపిస్తారు. వేలం షరతుల్లో జూదపు బల్లల దగ్గర ఆశీలు వసూలు చేయరాదని, చేస్తే వేలం రద్దవుతుందని ఒక వాక్యం రాయించండి. అది పూర్తిగా మీ పంచాయతీ చేతిలో ఉన్న పని.

జవాబు: లెక్కలు రాసేవాడు

దుకాణం వైపు మాట కూడా ఒకటి వినాలి. నేను నరసన్నపేట వైపు ఒక దుకాణంలో లెక్కలు రాస్తాను. 2024 అక్టోబరులో వచ్చిన విధానంలో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు కట్టిన రెండు లక్షలు లాటరీ తగలకపోతే తిరిగి రావు. తగిలినవాడు జనాభాను బట్టి తొలి ఏడాది 50 లక్షల నుంచి 85 లక్షల వరకు లైసెన్సు రుసుము కట్టాల్సి వచ్చింది. ఇంత కట్టినవాడిని ఊరికి దూరంగా ఉండమంటే, సరుకు కిళ్ళీ కొట్లకు, ఇళ్ళకు చేరి లైసెన్సు లేని బెల్టు షాపులు పుడతాయి. పది గంటలకు మూసే దుకాణం మేలా, అర్ధరాత్రి తలుపు తట్టినా ఇచ్చే ఇల్లు మేలా, మీరే ఆలోచించండి.

జవాబు: కోర్టు వీధి

లెక్కలు రాసేవారు చెప్పిన రుసుములు నిజమే గాని, వాటి వల్ల హక్కు పుట్టదు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లోనే ఖోడే డిస్టిలరీస్ కేసులో తేల్చింది. ఇక బెల్టు షాపులకు సరుకు వెళ్ళేది కూడా లైసెన్సు ఉన్న దుకాణం నుంచే కదా. దుకాణాన్ని బడి ముందుకు తెచ్చినంత మాత్రాన ఆ సరఫరా ఆగిన ఊరు నాకైతే ఇంతవరకు కనబడలేదు.

అడిగినవారికి నా సూచన ఇది. దుకాణం స్థలం మార్చడానికి శాఖ అనుమతి కావాలి, కాబట్టి షట్టరు తెరిచాక కాక ఇప్పుడే కదలండి. తీర్మానం నకలుతో పాటు ప్రధానోపాధ్యాయుల లేఖ, చేతితో గీసిన దారి పటం జతచేసి జిల్లా ఎక్సైజ్ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒకటి ఇవ్వండి. కొలత మీ సమక్షంలో జరగాలని అర్జీలో స్పష్టంగా రాయండి. సంబరంలో మైకుల విషయానికొస్తే, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు వాడరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం ప్రభుత్వానిది. పంచాయతీకి అదీ లేదు.

అడిగినవారు: నాగావళి గట్టు

అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం బడి వదిలాక డ్రిల్లు మాస్టారి టేపు అడిగి తెచ్చి కొలిచాము. గోదాము వాకిలి నుంచి రోడ్డు వెంట పెద్ద గేటు దాకా 132 మీటర్లు వచ్చింది. వాళ్ళు చూపిస్తున్న కొలత ఇదే కావచ్చు. అయితే మా పిల్లల్లో సగం మంది సైకిళ్ళు నిలిపే వెనుక గేటు నుంచే వెళతారు. మిల్లు గోడ పక్క సందులోంచి ఆ గేటుకు 71 మీటర్లు. ఆ గేటు తాళం పిల్లలు వచ్చే వేళకు తీసి, వెళ్ళాక వేస్తారని ప్రధానోపాధ్యాయులు లేఖలో రాసి ఇచ్చారు. రెండు కొలతలూ పటంలో చూపించాము, సోమవారం శ్రీకాకుళం వెళుతున్నాము. ఆశీలు షరతు గురించి సర్పంచి గారిని అడిగితే, వేలం పాట తగ్గిపోతుందని నసిగారు. ఎంత తగ్గుతుందో రాసిమ్మన్నాము.