శాంటో డొమింగో పాత నగరానికి ఒక్కరోజు గైడెడ్ టూర్: ఏది చూడాలి, ఏది వదలాలి?

నల్లగొండ మాస్టారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. ఈ చలికాలం నేనూ నా శ్రీమతీ న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. క్రిస్మస్ సెలవుల్లో అందరం కలిసి డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా అనే సముద్రతీర పట్టణంలో కొన్నాళ్లు గడపాలని మా కోడలు హోటల్ కూడా బుక్ చేసింది. మనవలకు ఇసుకా నీళ్లూ ఉంటే చాలు. నాకు మాత్రం, ఏటా పిల్లలకు కొలంబస్ పాఠం చెప్పినవాణ్ణి కనుక, అతని కొడుకు కట్టించుకున్న భవనం అదే దేశంలో ఉండగా చూడకుండా తిరిగి రావడం మనసొప్పడం లేదు.

హోటల్ వాళ్లు రాజధాని శాంటో డొమింగోకు ఒక్కరోజు టూర్ వివరాలు పంపారు. తెల్లవారుజామున బస్సెక్కితే రాత్రికి తిరిగి చేరుస్తారట. మధ్యలో త్రెస్ ఓహోస్ గుహలు, కొలంబస్ స్మారక దీపస్తంభం, కొలంబస్ కొడుకు కట్టించుకున్న ఆ అల్కాజార్ భవనం, మొదటి కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి), మధ్యాహ్న భోజనం, ఒసామా కోట, చివరగా ఎల్ కోందె వీధిలో షాపింగ్ అని రాశారు. ఇన్నిటిని ఒకే రోజులో కుక్కితే ఏదీ సరిగా చూడలేమేమోనని నా అనుమానం. నా శ్రీమతికి మోకాళ్ల నొప్పులున్నాయి; మేమిద్దరం శాకాహారులం. ఈ టూరే తీసుకోవాలా, కారు మాట్లాడుకొని విడిగా వెళ్లడం మేలా? మావి భారతీయ పాస్‌పోర్టులు కాబట్టి వేరే వీసా కావాలా? వెళ్లి వచ్చినవారు దయచేసి చెప్పగలరు.

జడ్చర్ల టు డాలస్

మాస్టారూ, నమస్తే. మా అమ్మానాన్నలను నేను ఇదే టూర్‌కు తీసుకెళ్లాను కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను.

ముందుగా వీసా సంగతి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉంటే భారతీయులు పర్యాటకులుగా వెళ్లడానికి ప్రత్యేకంగా డొమినికన్ వీసా తీసుకోనక్కర్లేదు. అయితే ఆ దేశంలోకి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ ఈ-టికెట్ అనే ఆన్‌లైన్ ఫారం నింపి, దాని క్యూఆర్ కోడ్ ఫోన్‌లో ఉంచుకోవాలి. దానికి రుసుము లేదు; డబ్బు అడిగే వెబ్‌సైట్ల జోలికి వెళ్లకండి. తిరిగి అమెరికాలోకి రావాలి కాబట్టి మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా అని ఇప్పుడే చూసుకోండి. నియమాలు మారుతుంటాయి గనుక టికెట్లు కొనే ముందు మరోసారి సరిచూసుకోవడం మంచిది.

ఇక టూర్ విషయానికి వస్తే, మీ అనుమానం సరైనదే. పుంటా కానా నుంచి శాంటో డొమింగో దాదాపు 200 కిలోమీటర్లు. రోడ్డు బాగున్నా ఒక వైపుకే రెండున్నర గంటలు పడుతుంది. దానికి తోడు బస్సు నాలుగైదు హోటళ్లు తిరిగి మనుషులను ఎక్కించుకున్నాకే అసలు దారి పడుతుంది. నగరం చేరాక గుహలు, దీపస్తంభం రెండూ ఒసామా నదికి తూర్పు వైపున ఉంటాయి. పాత నగరం ఉన్నది పడమటి ఒడ్డున. ముందు అవి చూపించి, తర్వాత భోజనానికి కూర్చోబెట్టి, ఆపై అంబర్, లారిమార్ రాళ్ల దుకాణంలో దింపేసరికి, మనం ఏ ఊరి కోసం వచ్చామో ఆ ఊరికి మిగిలేది రెండు గంటలో, రెండున్నర గంటలో. లారిమార్ అనే ఆ నీలి రాయి డొమినికన్ రిపబ్లిక్‌లో తప్ప మరెక్కడా దొరకదన్నది నిజమే, కానీ ఆ దుకాణంలోనే కొనాలన్న నియమమేమీ లేదు. మా గైడ్ కెథడ్రల్‌లో గడిపిన సమయం కంటే అక్కడ గడిపిన సమయమే ఎక్కువ.

పాత నగరం మొత్తం చదరపు కిలోమీటరుకు అటూఇటూగా ఉంటుంది, నడిచే చూడాలి. మీరు కుటుంబమంతా కలిసి ఇంతమంది ఉంటారు కాబట్టి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకొని, పాత నగరంలో మాత్రం లైసెన్సు ఉన్న స్థానిక గైడ్‌ను మూడు గంటలకు కుదుర్చుకుంటే ఖర్చులో పెద్ద తేడా రాదు. సమయం మాత్రం మీ చేతిలో ఉంటుంది. ఏ ఏ చోట్లు చూపిస్తారో, ప్రవేశ రుసుములు అందులో కలిసే ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి.

అమ్మగారి మోకాళ్ల గురించి: త్రెస్ ఓహోస్ అంటే సున్నపురాతి గుహల్లో ఉన్న నీటి మడుగులు. దిగడానికి, ఎక్కడానికి నిటారు మెట్లుంటాయి, పైగా తడిగా ఉంటాయి. ఒసామా కోటలోని బురుజులో మెట్లు మరీ ఇరుకు. ఈ రెండిటికీ ఆవిడను తీసుకెళ్లవద్దు. పాత నగరంలో చుచు కలోనియల్ అని, రైలు ఆకారంలో ఉండే చిన్న పర్యాటక బండి తిరుగుతుంది. ఆవిడ అందులో కూర్చొని వీధులన్నీ ఒకసారి చూడవచ్చు, ఆ సమయంలో మీరు కోట చూసి రావచ్చు. దారి పొడవునా ఎగుడుదిగుడు రాళ్లు పరిచి ఉంటాయి కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.

పాలమూరు లెక్చరర్

మాస్టారు గారికి నమస్కారాలు. నేను చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసి మహబూబ్‌నగర్‌లో స్థిరపడ్డాను. మా అమ్మాయి కుటుంబంతో కలిసి ఆ నగరం చూశాను. ప్రయాణ విషయాలు పై మిత్రులు చక్కగా చెప్పారు. గైడ్ల నోట తక్కువగా వినిపించే కొన్ని సంగతులు నేను చెబుతాను.

గైడ్ మాటల్లో ‘మొదటి’ అన్నది పదే పదే వస్తుంది. అమెరికా ఖండాల్లో స్పానిష్ వారి మొదటి కెథడ్రల్, మొదటి రాళ్లు పరచిన వీధి, 1503 నాటి మొదటి ఆసుపత్రి, 1511లో ఏర్పడిన మొదటి ఉన్నత న్యాయస్థానం, ఇలా సాగుతుంది. ఇవి చాలావరకు నిజాలే, అందుకే 1990లో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే ఈ మొదటి వాటన్నిటికీ ఎవరు రాళ్లు మోశారన్న ప్రశ్న అడిగితే గాని గైడ్ ఆ వైపు వెళ్లడు. మీరు అడగండి.

కొలంబస్ తమ్ముడు బార్తొలోమియో మొదట ఈ ఊరిని నదికి తూర్పు ఒడ్డున నిలిపాడు. 1502లో పెద్ద తుపాను దాన్ని తుడిచిపెట్టడంతో అప్పటి గవర్నర్ నికోలాస్ దె ఒవాందో పడమటి ఒడ్డుకు మార్చి, గళ్ల కాగితంలా సూటి వీధులతో కొత్తగా వేయించాడు. మీరు నడిచే లాస్ దామాస్ వీధి అప్పటిదే. ‘స్త్రీల వీధి’ అన్న ఆ పేరు, కొలంబస్ కొడుకు దియేగో భార్య మరియా దె తొలేదోతో వచ్చిన పరివార స్త్రీల వల్ల వచ్చిందంటారు. ఆ వీధిలో, ఒకప్పుడు న్యాయస్థానమూ గవర్నర్ కార్యాలయమూ ఉన్న కాసాస్ రియాలెస్ భవనానికి ఎదురుగా, 1753 నాటి ఒక నీడ గడియారం నిలబడి ఉంటుంది. కార్యాలయంలోని అధికారులు కిటికీలోంచే సమయం చూసుకునేందుకు వీలుగా దాన్ని అక్కడ పెట్టారట. బస్సు టూర్ల వాళ్లు దాని పక్కనుంచి ఆగకుండా వెళ్లిపోతారు. మీరు ఎండ బాగా ఉన్న వేళ ఆగి, నీడ ఏ గీత మీద పడిందో చూసి మీ చేతి గడియారంతో పోల్చుకోండి.

ఇదే ఒవాందో పాలనలో, స్పానిష్ వారు రాకముందు నుంచీ ఈ ద్వీపంలో ఉన్న తైనో తెగ రాణి అనకవోనాను ఉరితీశారు. కెథడ్రల్ ముందున్న చౌకులో 1887 నాటి కొలంబస్ కంచు విగ్రహం ఉంది. దాని పీఠం దగ్గర పైకి ఎగబాకుతూ కనిపించే తైనో స్త్రీని అనకవోనాగా చెబుతారు. ఆ కూర్పులో ఎవరు పైన, ఎవరు కింద అన్నది ఒక్క నిమిషం నిలబడి చూస్తే పందొమ్మిదో శతాబ్దపు దృష్టి ఎలాంటిదో అర్థమవుతుంది.

మీరు వెళ్లేది డిసెంబరులో కాబట్టి మరో రెండు సంగతులు చెప్పాలి. 1511 డిసెంబరు 21న ఆంతోనియో దె మోంతెసినోస్ అనే, డొమినికన్ అన్న క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందిన సన్యాసి, దియేగో కొలంబస్‌తో సహా ఊరి పెద్దలందరూ కూర్చున్న ప్రార్థనలో లేచి, ఏ హక్కుతో ఈ స్థానికులను ఇంత క్రూరమైన వెట్టిలో పెట్టారని, వీళ్లు మనుషులు కారా అని నిలదీశాడు. పెద్దలు మండిపడి మాట వెనక్కి తీసుకోమంటే, మరుసటి ఆదివారం ఇంకా గట్టిగా చెప్పాడు. సముద్రం ఒడ్డున ఆయన నిలువెత్తు కంటే ఎంతో పెద్ద విగ్రహం ఉంది, నోటి పక్కన చెయ్యి పెట్టుకొని కేక వేస్తున్నట్టు ఉంటుంది. మెక్సికో దేశం 1982లో దాన్ని బహూకరించింది. రెండోది, 1521 డిసెంబరు చివర్లో దియేగో కొలంబస్ చెరకు తోటలోనే ఆఫ్రికా బానిసలు తిరగబడ్డారు; అమెరికా ఖండాల్లో నమోదైన మొదటి బానిస తిరుగుబాట్లలో ఒకటిగా దాన్ని లెక్కిస్తారు. గైడ్ చెప్పే ‘మొదటి’ల వరుసలో ఇది ఉండదు. అల్కాజార్ మేడ మీది వసారాలో నిలబడి నది వైపు చూసేటప్పుడు, ఆ ఇంటి యజమాని తోట సంగతి గుర్తుంటే ఆ అందం కొంచెం వేరుగా కనిపిస్తుంది.

అల్కాజార్ గురించి ఇంకొక్క మాట. పగడపు సున్నపురాయితో కట్టిన ఆ గోడలను చేతితో తాకితే చిన్న చిన్న రంధ్రాలు, అక్కడక్కడ సముద్ర జీవుల గుర్తులు తెలుస్తాయి. అయితే ఇల్లు పూర్తిగా శిథిలమైపోగా 1950ల్లో పునరుద్ధరించారు. లోపలి సామాను ఆ కాలానిదే గాని ఆ ఇంటిది కాదు. అందువల్ల గదులు త్వరగా చూసి ముగించి, ఆ సమయం కాసాస్ రియాలెస్ మ్యూజియంకు ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

హుజూర్‌నగర్ అత్తమ్మ

అన్నయ్య గారూ, భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. టూర్‌లో పెట్టే భోజనం సాధారణంగా అన్నం, ఎర్ర చిక్కుడు గింజల కూర, మాంసం. ఆ గింజల కూరను చాలా చోట్ల మాంసం ముక్కలతోనో, మాంసం ఉడికించిన నీళ్లతోనో వండుతారు కనుక చూడగానే శాకాహారమని నమ్మి తినవద్దు. ‘సిన్ కార్నె, సిన్ పోయో’ అంటే మాంసం వద్దు, కోడి వద్దు అని అర్థం. చేప గురించి వేరుగా అడగాలి, ఎందుకంటే అక్కడ చేపను మాంసం లెక్కలో వేయని వాళ్లున్నారు. పచ్చి అరటికాయను చక్రాలుగా కోసి, వేయించి, అదిమి మళ్లీ వేయించే తోస్తోనెస్ దొరుకుతాయి. ఉప్పు చల్లుకొని తింటే బాగుంటాయి, కానీ ఏ నూనెలో వేయించారో అడగాలి. కర్రపెండలం తురుముతో కాల్చే కసాబె అనే కరకరలాడే రొట్టె తైనోల కాలం నాటిది. మా వదిన గారు సంచిలో తెచ్చిన పల్లీల పొడి దాని మీద చల్లుకొని తిన్నాం. అవకాడో, బొప్పాయి, అనాస ఎక్కడైనా ఉంటాయి.

కెథడ్రల్‌లోకి భుజాలు, మోకాళ్లు కప్పుకోకపోతే రానివ్వరు. చీర కట్టుకున్న వదిన గారికి ఇబ్బంది లేదు గాని, సముద్రం దగ్గరి నుంచి నిక్కర్లతో వచ్చే మీ అబ్బాయికీ మనవలకూ ముందే చెప్పి ఉంచండి.

నల్లగొండ మాస్టారు

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. మా శ్రీమతి ఇవన్నీ చదివించుకొని, చుచు బండి తనకు ఖాయమని చెప్పింది. రెండు సందేహాలు మిగిలాయి. మనవలు గుహలు చూడాల్సిందేనని పట్టుబడుతున్నారు. రెండోది, కొలంబస్ సమాధి కెథడ్రల్‌లో ఉందని ఒకరు, దీపస్తంభంలో ఉందని ఒకరు, అసలు స్పెయిన్‌లో ఉందని ఒకరు అంటున్నారు. దీపస్తంభం వదిలేస్తే సమాధి చూడకుండా వచ్చినట్టవుతుందా?

పాలమూరు లెక్చరర్

ముగ్గురూ చెప్పినదాంట్లో కొంత నిజముంది. కొలంబస్ 1506లో స్పెయిన్‌లో మరణించాడు. తర్వాత అతని అవశేషాలను శాంటో డొమింగో కెథడ్రల్‌కు తెచ్చారు. 1795లో ఈ ప్రాంతాన్ని స్పెయిన్ ఫ్రాన్స్‌కు అప్పగించినప్పుడు వాటిని హవానాకు, అక్కడినుంచి 1898లో స్పెయిన్‌లోని సెవిల్‌కు తరలించామని స్పానిష్ వారి మాట. అయితే 1877లో ఇదే కెథడ్రల్‌లో కొలంబస్ పేరు చెక్కిన ఒక సీసపు పెట్టె బయటపడింది. అప్పుడు తీసుకెళ్లింది వేరే ఎవరివో, అసలువి మా దగ్గరే మిగిలాయని డొమినికన్ల వాదన. 1992లో, కొలంబస్ రాకకు 500 ఏళ్లు నిండిన సందర్భంగా, ఆ పెట్టెను కెథడ్రల్ నుంచి కొత్తగా కట్టిన దీపస్తంభంలోకి మార్చారు. సెవిల్ అవశేషాల డీఎన్ఏ కొలంబస్ తమ్ముడిదానితో సరిపోయిందని 2006లో స్పెయిన్ పరిశోధకులు ప్రకటించారు. ఇక్కడి పెట్టెలోని వాటి పరీక్షకు మాత్రం డొమినికన్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఎముకలు అప్పటికే చాలాసార్లు స్థలం మారాయి కనుక రెండు చోట్లా కొంత కొంత ఉండే అవకాశమూ లేకపోలేదు.

దీపస్తంభమంటే సన్నని బురుజు ఊహించుకోకండి. శిలువ ఆకారంలో పడుకోబెట్టిన భారీ కాంక్రీటు కట్టడం అది. నా మట్టుకు నాకు అది నచ్చలేదు. బయటినుంచి చూస్తే చాలు.

జడ్చర్ల టు డాలస్

మాస్టారూ, గుహలు, దీపస్తంభం రెండూ వచ్చే దారిలోనే ఉన్నాయి కాబట్టి కారులో వెళ్తే పిల్లలను మీ అబ్బాయితో త్రెస్ ఓహోస్ దగ్గర దింపి, మీరిద్దరూ కారు దిగకుండానే దీపస్తంభం చుట్టూ ఒక చుట్టు తిరిగి రావచ్చు. పదిన్నరకల్లా నది దాటేలా చూసుకోండి. సోమవారం వెళ్లకండి, ఆ రోజు అల్కాజార్, కాసాస్ రియాలెస్ మూసి ఉంటాయి. క్రిస్మస్ రోజు కూడా వద్దు. ముందు లాస్ దామాస్ వీధి, కాసాస్ రియాలెస్, అల్కాజార్ ఒక వరుసలో పూర్తి చేసి, ఎండ ముదిరాక భోజనానికి కూర్చోండి. కెథడ్రల్ లోపల చల్లగా ఉంటుంది కాబట్టి దాన్ని భోజనం తర్వాతకు పెట్టుకోండి. మోంతెసినోస్ విగ్రహం సముద్రపు రోడ్డు మీదే ఉంది, తిరుగు ప్రయాణంలో డ్రైవరుకు ఆ పేరు చెబితే ఆపుతాడు. గైడ్‌కు, డ్రైవరుకు ఇచ్చే టిప్పు కోసం చిన్న డాలరు నోట్లు మార్చి ఉంచుకోండి. అక్కడి పెసోలైనా సరే.